స్వర్గమునకు దక్షిణముగా

మొన్న సంక్రాంతి సెలవులకు మా అబ్బాయి తన స్నేహితుని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చెను. ఇద్దరును హైదరాబాదులో కంప్యూటరు కొలువులలో నున్నవారు. ఆ స్నేహితుడు ఇంటర్మీడియటులో నా దగ్గర తెలుగు చదువుకొన్నవాడే కాబట్టి నన్ను ఇంకను మాస్టారూ అనియే పిలుచును. భోగినాటి రాత్రి భోజనములైన తరువాత వారిరువురు డాబామీద చేరి ఒక ఆల్బమును గూర్చి తగవులాడ మొదలిడిరి. కనుమనాటి రాత్రికిని ఆ తగవు తెగలేదు. అమెరికాలో 1988లో వెలువడిన పాటలు అవి. అప్పటికి వీరిద్దరును పుట్టనైన లేదు. నేను బి.ఏ. చదువుచు, ఆ పేరైనను వినియుండలేదు. ఇన్నేండ్ల తరువాత ఇంత ఆవేశమేమా యని నేనును ఒక మూల కూర్చుండి వింటిని. వినిన పిమ్మట ఊరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ఆల్బము పేరు 'సౌత్ ఆఫ్ హెవెన్'. స్లేయర్ అను బృందము చేసినది. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ పార్కులో 1981లో ఈ బృందము పుట్టినది. కెర్రీ కింగ్, జెఫ్ హానెమన్ గిటారు వాయించువారు. టామ్ అరాయా పాడుచు బేస్ గిటారు వాయించువాడు. డ్రమ్ములు డేవ్ లొంబార్డోవి. అరాయా చిలీ దేశమున, లొంబార్డో క్యూబాలో పుట్టినవారు. వీరి సంగీతమునకు థ్రాష్ మెటల్ అని పేరు. దానిని ఎరుగని పాఠకులకు ఇంతమాత్రము చెప్పిన చాలును: రాక్ సంగీతములోని గిటారు నాదమును మరింత గరుకుచేసి, తాళమును గుర్రపు దౌడును మించిన వేగమునకు తరిమి, యుద్ధము, మరణము, నరకము మొదలైన వానిని వస్తువులుగా గ్రహించి పాడుదురు. మెటాలికా, మెగాడెత్, ఆంథ్రాక్స్, స్లేయర్, ఈ నాలుగింటిని ఈ శాఖకు నాలుగు స్తంభములుగా శ్రోతలు లెక్కింతురు. మొదట నాకును ఆ శబ్దము దుర్భరముగానే తోచినది. ఆ మాట దాచను. అలవాటు పడుటకు నాకు వారము దినములు పట్టినది.

తగవు అర్థము కావలెనన్న దీనికి ముందటి కథ కొంత తెలియవలెను. 1986 అక్టోబరులో వీరు 'రెయిన్ ఇన్ బ్లడ్' అను ఆల్బమును వెలువరించిరి. పది పాటలు, మొత్తము 29 నిమిషములు. నిమిషమునకు 200కు పైబడిన దెబ్బలతో సాగు పాటలు అందు పెక్కు. పాట మొదలైనదని తెలిసికొనునంతలో ముగిసిపోవును. క్యాసెట్టులో ఒక్కొక్క వైపున ఆల్బము మొత్తము పట్టెనట; త్రిప్పి వేసినను మరల అదే. అందలి మొదటి పాట నాజీ వైద్యుడు జోసెఫ్ మెంగెలె చేసిన ఘోరములను గూర్చినది. దానివలన కొలంబియా సంస్థ ఆల్బమును పంపిణీ చేయ నిరాకరింపగా గెఫెన్ సంస్థ పూనుకొనవలసి వచ్చినది. నిర్మాత రిక్ రూబిన్, అంతకుముందు హిప్‌హాప్ పాటలతో పేరు తెచ్చుకొన్న యువకుడు. గిటారుల చుట్టు అలముకొనియుండు ప్రతిధ్వనిని ఊడ్చివేసి, ప్రతి దెబ్బయు ఎండిన ఎముకవలె పొడిగా వినబడునట్లు అతడు చేసెను. ఈ శాఖలో అంతకు మించినది రాలేదని నేటికిని వాదించువారు ఎందరో కలరు.

శిఖరము నెక్కినవాడు తరువాత ఎటు పోవలెను? వేగములో దానిని మించలేమని బృందమువారికి తెలియును. ఏమి చేసినను దానితోనే తూచుదురనియు తెలియును. అందుచేత బుద్ధిపూర్వకముగనే వేగము తగ్గించితిమని హానెమన్ తరువాత చెప్పెను. నిర్మాత మరల రూబినే. 1988 జులై 5వ తేదీన సౌత్ ఆఫ్ హెవెన్ బయటికి వచ్చెను. ఇందును పది పాటలే, కాని నిడివి సుమారు 37 నిమిషములు. పైన చెప్పిన నాలుగు బృందములును ఆ యేడే ఆల్బములు విడుదల చేసినవి గనుక శ్రోతకు పోల్చి చూచుకొనుటకు కావలసినంత సరకు దొరకినది.

అమ్మకముల లెక్కలో ఇది ఓడిన ఆల్బము కాదు. బిల్‌బోర్డు పట్టికలో రెయిన్ ఇన్ బ్లడ్ 94వ స్థానమున నిలువగా ఇది 57వ స్థానము వరకు పోయినది. 1992 నాటికి అమెరికాలో బంగారు రికార్డు గుర్తింపును పొందినది. కొనినవారు ఎక్కువైరి, మెచ్చుకొనుటలో మాత్రము చీలిపోయిరి. ఇది చిత్రముగా తోచవచ్చును గాని చిత్రమేమియు లేదు. కొన్నది మొదటిదానిపై నమ్మకముతో, విన్నది రెండవదానిని.

శ్రోతలలో ఒక పక్షము మా అబ్బాయిది. "వేగమే పోయాక స్లేయర్‌లో ఇంకేం మిగిలింది నాన్నా?" అని వాని ప్రశ్న. ఈ పక్షమువారికి ఇది అలసిపోయిన బృందము చేసిన పని. 2012 అక్టోబరులో స్లేయర్ బెంగుళూరుకు వచ్చినప్పుడు, ఇంజనీరింగు చదువుచుండిన మావాడు రైలెక్కి పోయి, గొంతు పోగొట్టుకొని వచ్చినాడు. మూడు దినములు సైగలతోనే అన్నము అడిగెను. అంతటి భక్తునికి కలిగిన నిరాశను తేలికగా తీసివేయుటకు వీలులేదు. రెండవ పక్షము వాని స్నేహితునిది. "చీకట్లో మొదటి పాట ఒక్కటి వినండి మాస్టారూ, తర్వాత మాట్లాడదాం" అనెను. వీరి దృష్టిలో ఇదియే అసలైన స్లేయర్; ముందటిది దీనికి ఉపోద్ఘాతము. ఈ ఇద్దరి నడుమ మూడవ పక్షమొకటి కలదు. మొదటి పాట, ఐదవ పాట అమోఘములనియు, తక్కినవి చోటు నింపుటకు వేసినవనియు వారందురు. సంఖ్యలో వీరే అధికులని నా అనుమానము. ఏ పుస్తకమును గూర్చియైనను పేరుపడిన రెండు పద్యములు నేర్చుకొని తక్కినది వదలివేయువారే అధికులు గదా! తరగతిలో ముప్పదియేండ్లుగా వారినే చూచుచున్నాను.

నేను రెండవ పక్షమునకు చేరితిని. పాటను చీకటిలోనే వింటిని. తొలుత గిటారు మీద కొన్ని స్వరములు పామువలె మెలికలు తిరుగుచు మెల్లగా వచ్చును. డ్రమ్ములు వెంటనే పైబడవు. ఒక్కొక్క దెబ్బయు ఎడమెడముగా, దూరమున ఎవరో తలుపు తట్టుచున్నట్లు పడును. చాలసేపు మాట లేదు. అరాయా గొంతు విప్పునప్పటికి వినువాడు సగము లొంగిపోయియుండును. పాట దాదాపు ఐదు నిమిషములు నడచును. ముందటి ఆల్బములో ఇంత వ్యవధి రెండు మూడు పాటల పాలయ్యెడిది.

పేరు మాట చెప్పక తప్పదు. స్వర్గమునకు దక్షిణముగా నున్నదనగా పాశ్చాత్యుల పటములో క్రిందనున్నది, నరకము. మనకో, దక్షిణము యముని దిక్కు. ఆ దిక్కున తల పెట్టి శవమును పరుండబెట్టుదుము. ఆ పేరు పెట్టినవారికి మన దిక్పాలకుల సంగతి తెలిసియుండునని నేననను; కాని తెలుగువాని చెవికి ఆ రెండు మాటలు మరికొంత చల్లగా తగులును. మరియొక సంగతి. షడ్జమునకును ప్రతిమధ్యమమునకును నడుమనుండు దూరమును పాశ్చాత్య శాస్త్రకారులు లాటిను భాషలో 'సంగీతములోని సైతాను' అని పిలిచిరి. మెటల్ సంగీతమువారికి ఆ దూరమన్న ఎక్కడలేని ప్రీతి. స్లేయర్ వారైతే 1998లో ఒక ఆల్బమునకు 'డయబోలస్ ఇన్ ముసికా' అని ఆ లాటిను పేరే పెట్టుకొనిరి. ఆ ప్రతిమధ్యమమే మనకు కల్యాణి రాగమునకు ఆయువుపట్టు. పెండ్లిపందిరిలో సన్నాయిపై పలికినప్పుడు దానిని విని దడుచుకొన్నవారిని నేనెరుగను. కావున స్వరములో పుట్టుకతో వచ్చిన భయము లేదు. అది ఏ నడకలో వచ్చుచున్నది, దానికి ముందు ఎంతసేపు మనలను కనిపెట్టుకొని యుండజేసినది, అక్కడ ఉన్నది కిటుకు.

ఇక్కడనే వేగముతో ఈ ఆల్బమును తూచువారితో నాకు పేచీ. భరతుడు నాట్యశాస్త్రమున రసములను చెప్పుచు కొన్ని రసములనుండి కొన్ని పుట్టుననెను. రౌద్రమునుండి కరుణము, బీభత్సమునుండి భయానకము. రెయిన్ ఇన్ బ్లడ్ ఆద్యంతము రౌద్రము, బీభత్సము. క్రోధమునకు వేగము సహజము; కోపించినవాడు నిదానముగా మాటాడడు. జుగుప్సకును ఎక్కువకాలము అక్కరలేదు. చూచిన క్షణముననే ముఖము త్రిప్పుకొందుము. భయమట్లు కాదు. భయమునకు వ్యవధి కావలెను. రాబోవుచున్నదేదో తెలియవలెను, అది ఇంకను రాకుండవలెను. రెండువందల దెబ్బల వేగముతో ఎవరినైనను బెదరగొట్టవచ్చును గాని భయపెట్టుట కష్టము. భరతుడు చెప్పిన వరుసలోనే మొదటి ఆల్బమునుండి రెండవది పుట్టినదని నా అభిప్రాయము. వేగము తగ్గినదన్న ఫిర్యాదు నిజమే. ఆ ఫిర్యాదు చేయువారు ఒక రసమునకు పనికివచ్చు కొలపాత్రతో మరియొక రసమును కొలుచుచున్నారు. మా అబ్బాయికి ఈ మాట చెప్పగా, "నాన్నా, స్లేయర్‌కి సిలబస్ పెట్టేశారు" అని నవ్వెను. నవ్వనిండు.

అసలు ఆల్బమంతయు మందగమనమన్నది కూడ సరికాదు. రెండవదైన 'సైలెంట్ స్క్రీమ్' వినుడు. లొంబార్డో రెండు కాళ్లతోను డ్రమ్ములపై కురిపించు దెబ్బలకు ఊపిరి సలుపదు. ఆరవదైన 'గోస్ట్స్ ఆఫ్ వార్' కూడ పరుగే. నెమ్మదిగా నడచినవాని ప్రక్కన నిలిపినందున ఈ పరుగు మరింత పరుగుగా తోచుచున్నది. ఎల్లప్పుడును పరుగెత్తు గుర్రము వేగము, ఎక్కి కూర్చున్నవానికి కాసేపటికి తెలియకుండ పోవును.

కరుణమని పైన అంటిని. స్లేయర్‌లో కరుణమేమిటని కొందరు నొసలు చిట్లింపవచ్చును. ఐదవ పాట 'మ్యాండేటరీ సూసైడ్' యుద్ధమునకు తరుమబడిన సైనికుని గూర్చినది. చంపుటకు పోవుచున్నానని తలచి చచ్చుటకు పోవువాని కథ. చివర అరాయా పాడుట మానివేసి, పొడిమాటలతో చెప్పుకొనిపోవును. ముందటి ఆల్బములో గొంతు ఒక ఆయుధము. ఇక్కడ ఒక మనుష్యుడు మాటాడుచున్నాడు; ప్రతి మాటయు వినబడుచున్నది. 'గోస్ట్స్ ఆఫ్ వార్'లో చచ్చిన సైనికులు మరల లేచి వత్తురు. నాలుగవదైన 'బిహైండ్ ది క్రుకెడ్ క్రాస్'లో హిట్లరు సేనలో చేరినవాడొకడు తాను దేనికి దాసుడైతినో తెలిసికొని కుములును. మెంగెలె పాట వలన వీరిని నాజీలకు కొమ్ముకాయువారని నిందించినవారుండిరి. ఈ పాట విన్నవారు ఆ నిందను మరల మోపుట కష్టము. హానెమన్ తండ్రి రెండవ ప్రపంచయుద్ధమున పోరాడినవాడు. తండ్రి తెచ్చిన పతకములను చూచుచు పెరిగిన ఆ పిల్లవానికి యుద్ధముపై కలిగిన ఆసక్తి జీవితమంతయు వదలలేదు. రెయిన్ ఇన్ బ్లడ్ నాటికి అది ఘోరమును చూచి కన్ను త్రిప్పుకొనలేని కుతూహలము. ఇక్కడ ఆ ఘోరము పాలబడినవాని ప్రక్కకు జరిగినది.

తిక్కన యుద్ధపర్వములలో రథములను, బాణములను ఎంత వడిగా నడిపించినాడో, స్త్రీపర్వమునకు వచ్చునప్పటికి అంత నిదానించినాడు. గాంధారి యుద్ధభూమిలో ఒక్కొక్క శవము దగ్గర ఆగవలెను గదా! కర్ణపర్వపు వడి స్త్రీపర్వమున లేదని తిక్కనను తప్పుపట్టినవారిని నేనెన్నడును చూడలేదు. ఈ పోలిక చూచి మా శాఖలోని పెద్దలు కొందరు చెవులు మూసికొందురని ఎరుగుదును. తిక్కనతో వీరిని సమానము చేయుట నా తలంపు కాదు. యుద్ధమును పాడినవానికి యుద్ధానంతరమును పాడుటకు వేరొక నడక కావలెనన్నంతవరకే.

ఇంత చెప్పి ఈ ఆల్బము నిర్దుష్టమనిన న్యాయము కాదు. రెండవ సగము మొదటి సగమంత బిగువుగా లేదు. టెలివిజనులో మతము నమ్ముకొను బోధకులను ఎత్తిపొడుచు 'రీడ్ బిట్వీన్ ది లైస్' ఆలోచన మంచిదే. పాట చప్పగా సాగినది. 'క్లీన్స్ ది సోల్' వచ్చినప్పుడు నేను మంచినీళ్లకు లేచుచున్నాను. ఆ పాట కెర్రీ కింగునకే గిట్టలేదు. ఈ ఆల్బములో తన వంతు వాదనము నిస్తేజముగా నున్నదని అతడే చెప్పుకొనెను. ఆ రోజులలో క్రొత్తగా పెండ్లిచేసికొని ఫీనిక్స్ నగరమునకు కాపురము మార్చియుండెను. జూడాస్ ప్రీస్ట్ వారు 1977లో పాడిన 'డిసిడెంట్ అగ్రెసర్' పాటను తిరిగి పాడుట దిట్టతనమే గాని, సొంత పాట ఇంకొకటి చాలకపోయినదేమో యను అనుమానమును కలిగించును. ఇట్లు బృందములోనే రెండు పక్షములున్నవి. వేగము తగ్గించినవాడు హానెమన్. దానిని మనసార ఒప్పుకొననివాడు కింగ్. ఇది మెల్లగా వికసించిన ఆల్బము అనువాడు అరాయా. చేసినవారే ఏకాభిప్రాయులు కానప్పుడు మా డాబామీద తగవు తెగలేదని వగచుటెందుకు?

కాని ఈ తగవు నన్ను రెండు రాత్రులు నిద్రపోనీయలేదనుటకు వేరొక కారణమున్నది.

దాదాపు ముప్పదియేండ్ల క్రిందటి మాట. నాతో ఎం.ఏ. చదివిన మిత్రుడొకడు కవి. అతని మొదటి పుస్తకము నిప్పు. సభలలో అతడు చదువుచుండగా కుర్రవాండ్రు బల్లలు చరచెడివారు. నాలుగేండ్లకు రెండవది వెలువడినది. తల్లి మంచము పట్టుట, ఊరి చెరువు ఎండుట, పొలము అమ్మిన నాటి సాయంకాలము, ఇట్టి సంగతులు, నిదానించిన పద్యములు. ఒక మాసపత్రికకు దానిని నేను సమీక్షించితిని. వేడి చల్లారినదని వ్రాసితిని. 'అలసట' అను మాట వాడితిని. అప్పట్లో ఆ మాట నాకు చాల అందముగా తోచినది. ఆ నెలలోనే బస్సుస్టాండులో కనబడి, "బాగా రాశావోయ్" అని, పిల్లల చదువులను గూర్చి మాటాడి, బస్సెక్కి పోయెను. అతని మూడవ పుస్తకము రాలేదు.

నా సమీక్షవలననే అతడు వ్రాయుట మానెనని చెప్పుట నాకు నేను లేని గొప్ప తెచ్చుకొనుట యగును. ఉద్యోగము, సంసారము, అనారోగ్యము, ఎన్ని లేవు! కాని ఆ మాట మాత్రము నాది. మావాడు "స్లేయర్ అలసిపోయింది" అనినప్పుడు నా గొంతే నాకు వినబడినట్లైనది. మరునాడు అల్మారలో వెదకగా ఆ పుస్తకము దొరకినది. ఎనిమిదవ పద్యము దగ్గర కాగితము మడచియున్నది. తొమ్మిదవది చదివిన గుర్తు నాకు లేదు. మొత్తము ముప్పదియొక్క పద్యములు.

స్లేయర్ వారికి నాబోటి సమీక్షకులవలన అపకారమేమియు జరుగలేదు. 1990లో 'సీజన్స్ ఇన్ ది అబిస్' వచ్చినప్పుడు పరుగును, నడకను ఒకే చోట నేర్పుగా పొందించినారని అందరును మెచ్చిరి. ఆ నేర్పు వారికి ఎక్కడినుండి వచ్చినదో ఆ మెచ్చుకోళ్లలో చాలమంది చెప్పలేదు. వేగము పోయినదని ఎవరు గొణిగినను, 'సౌత్ ఆఫ్ హెవెన్' పాటయు, 'మ్యాండేటరీ సూసైడ్' పాటయు వారి కచేరీలలో దశాబ్దముల తరబడి నిలిచినవి. హానెమన్ 2013 మేలో మరణించెను. 2019 నవంబరులో బృందము వీడ్కోలు కచేరీ చేసి, మరల 2024లో వేదిక నెక్కినది. ఆల్బములోని చివరి పాట 'స్పిల్ ది బ్లడ్' ఏ కరుకుదనమును లేని గిటారు మీటుతో మొదలగును. ముందటి ఆల్బము విని వచ్చినవాడు బృందము మారినదేమో యని ఆగి చూచును. అక్కడి వరకు వచ్చి విన్నవారెందరో!

మా అబ్బాయి మొన్న ఫోను చేసినప్పుడు ఆల్బము మాట తెచ్చితిని. వాడు తన పక్షము వదలలేదు. ఆఫీసునకు పోవుచు మొదటి పాటను, ఐదవ పాటను మాత్రము వినుచున్నాడట. అనగా మూడవ పక్షమునకు జారినాడన్నమాట. 'క్లీన్స్ ది సోల్' బాగులేదన్న విషయమున తండ్రీకొడుకులము ఏకమైతిమి. మిత్రుని పుస్తకము నా బల్లమీదనే యున్నది. నిన్న రాత్రికి ఇరువదియొకటవ పద్యమునకు వచ్చితిని. చెరువు పద్యము పదునాలుగవది.